ఉత్తర తెలంగాణ ప్రైవేటు కళాశాలలు: ప్రభుత్వ పర్యవేక్షణ, నియంత్రణపరమైన నష్టభయం

భారతదేశంలో కళాశాల పెట్టి దాని మీద వచ్చిన లాభాన్ని వాటాదారులకు పంచడం సాధారణంగా చట్టం ఒప్పుకోదు. ప్రైవేటు కళాశాల వెనుక ఒక సొసైటీ గాని, ట్రస్టు గాని, కంపెనీల చట్టం 8వ సెక్షను కింద నమోదైన లాభాపేక్ష లేని కంపెనీ గాని ఉంటుంది. ఖర్చులు పోను మిగిలినది ఆ సంస్థ విద్యావసరాలకే తిరిగి వినియోగం కావాలి. అందువల్ల అమెరికాలో ఉన్నట్టు లాభార్జన కళాశాల అనే వర్గం కరీంనగర్‌లో గాని, ఆదిలాబాదులో గాని కాగితం మీద కనిపించదు. ఆచరణ వేరు. భవనం సొసైటీ కార్యదర్శి కుటుంబం పేరున ఉండి నెలనెలా అద్దె తీసుకోవడం, బస్సులు, హాస్టలు, పుస్తకాలు, కోచింగు వేరు సంస్థల పేర నడవడం, పాలకవర్గంలో ఇంటివారే ఉండడం వంటి మార్గాల్లో మిగులు యజమాని చేతికి చేరుతుందని అధికారులకూ, న్యాయస్థానాలకూ, తల్లిదండ్రులకూ తెలిసిన విషయమే. లాభాన్ని నిషేధించిన చట్టం దానిని మాన్పించలేకపోయింది గాని లెక్కల్లో కనబడని చోటికి తరిమింది. పర్యవేక్షణలో కనిపించే లొసుగుల్లో చాలా భాగానికి మూలం ఇక్కడే ఉంది.

ఒక కళాశాల నడవడానికి అవసరమైన అనుమతి, ఫీజు, ప్రవేశం, చెల్లింపు అనే నాలుగింటిలో ప్రభుత్వ నిర్ణయం మారడం వల్లనో, ఆలస్యం కావడం వల్లనో సంస్థకు ఏర్పడే ఆర్థిక ప్రమాదాన్ని నియంత్రణపరమైన నష్టభయం అంటారు. ఉత్తర తెలంగాణలో దీనికి ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడ కళాశాలను తనిఖీ చేసేదీ, దాని ఫీజు నిర్ణయించేదీ, ఆ ఫీజులో అధిక భాగాన్ని విద్యార్థి తరఫున చెల్లించవలసినదీ ప్రభుత్వమే కావడంతో, నిబంధన కఠినంగా ఉండడం కన్నా సొమ్ము సమయానికి రాకపోవడమే యాజమాన్యాలకు పెద్ద భయంగా మారింది. అటు పర్యవేక్షణ బలహీనపడడానికీ ఇదే కారణమైంది, ఎందుకంటే బాకీ పడ్డ ప్రభుత్వం తనిఖీదారుగా గట్టిగా మాట్లాడలేదు.

ప్రాంతం, విస్తృతి

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఇక్కడ చూసే ప్రాంతంలో కరీంనగర్, ఆదిలాబాదు రెండే జిల్లాలు. ఆ తర్వాత పాత కరీంనగర్ ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగా, పాత ఆదిలాబాదు ఆదిలాబాదు, మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలుగా విడిపోయాయి. డిగ్రీ కళాశాలల విషయంలో పాత కరీంనగర్ ప్రాంతం 2008లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయం కిందికీ, పాత ఆదిలాబాదు 1976 నాటి కాకతీయ విశ్వవిద్యాలయం కిందికీ వస్తాయి. ఇంజనీరింగు కళాశాలల్లో అధిక భాగం హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయానికి, అంటే జేఎన్టీయూకు, అనుబంధంగా ఉన్నాయి.

ఈ ప్రాంతానికి ప్రైవేటు సాంకేతిక విద్య కొంత ఆలస్యంగా వచ్చింది. వరంగల్‌లో కాకతీయ ఇన్‌స్టిట్యూట్ 1980లోనే మొదలైనా, కరీంనగర్ చుట్టుపక్కల, ముఖ్యంగా తిమ్మాపూర్ మండలంలో రాజీవ్ రహదారి పొడవునా, ఇంజనీరింగు కళాశాలలు 1990ల చివరి నుంచే లేచాయి. నగరాన్ని ఆనుకుని నగునూరులో 2001లో, బొమ్మకల్‌లో 2002లో రెండు ప్రైవేటు వైద్య కళాశాలలు వచ్చాయి. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే 2021–22 లెక్క ప్రకారం 18–23 ఏళ్ల వయసు జనాభాలో లక్షకు దేశ సగటున 30 కళాశాలలుంటే తెలంగాణలో 52 ఉన్నాయి. ఈ సాంద్రతను విద్యా వ్యాప్తికి గుర్తుగా చూపడం పరిపాటి గాని, విద్యార్థులు చాలక సగం ఖాళీగా నడిచే చిన్న కళాశాలలు కూడా ఆ అంకెలో ఉన్నాయన్నది గమనించాలి.

చట్టపు పునాది

సొసైటీల నమోదుకు తెలంగాణ ప్రాంతంలో 2001 వరకు నిజాం కాలపు 1350 ఫసలీ చట్టమే అమల్లో ఉండేది. ఆ సంవత్సరం ఉమ్మడి రాష్ట్ర సొసైటీల చట్టం దాని స్థానంలోకి వచ్చింది. విద్యాసంస్థల స్థాపనకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసినది 1982 విద్యా చట్టం కాగా, డొనేషన్ల పేరిట వసూలు చేసే క్యాపిటేషన్ ఫీజును, అంటే సీటు ఇచ్చేందుకు నిర్ణీత ఫీజుకు మించి తీసుకునే సొమ్మును, నేరంగా ప్రకటించినది 1983 చట్టం. ఆ చట్టానికే 1992లో చేర్చిన 3ఎ సెక్షను ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలకు కొన్ని సీట్లను తమ ఇష్టప్రకారం నింపుకొనే వీలు కల్పించింది. ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు దానిని కొట్టివేయగా వివాదం సుప్రీంకోర్టుకు చేరి, 1993 ఫిబ్రవరి 4న ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ తీర్పుగా దేశమంతటికీ వర్తించింది. సగం ఉచిత సీట్లు, సగం చెల్లింపు సీట్లు అన్న పథకం అందులోనిదే. ప్రైవేటు విద్య నియంత్రణపై దేశానికి మొదటి సమగ్ర నమూనా ఒక తెలుగు రాష్ట్రపు చట్ట సవరణ మీది తగాదా నుంచి పుట్టిందన్నమాట.

ఆ నమూనా పదేళ్లకు మించి నిలవలేదు. 2002 అక్టోబరు 31న టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం విద్యాసంస్థను నడపడం రాజ్యాంగం గుర్తించే వృత్తేనని, సంస్థ ఎదుగుదలకు సరిపడా సముచితమైన మిగులు ఉండవచ్చునని, కాని లాభాల వేట, క్యాపిటేషన్ ఫీజు కూడవని తేల్చింది. సముచితమైన మిగులుకూ లాభాల వేటకూ మధ్య గీత ఎక్కడన్నది ఆ తీర్పు చెప్పలేదు. అది గీయడానికే 2003 నాటి ఇస్లామిక్ అకాడమీ తీర్పు ప్రతి రాష్ట్రంలో విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన కమిటీలు ఉండాలంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశాల, ఫీజుల నియంత్రణ కమిటీ ఆ దారిలోనే ఏర్పడి, రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు వేరుగా కొనసాగింది. వృత్తివిద్యా కళాశాలల జమాఖర్చులను పరిశీలించి మూడేళ్లకొకసారి, బ్లాక్ పీరియడ్ అనే గడువుకు, ఒక్కో కళాశాలకు ఒక్కో ఫీజును ఈ కమిటీ సిఫారసు చేస్తుంది; ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే అది అమల్లోకి వస్తుంది. 2022–25 గడువుకు ఇంజనీరింగులో కనిష్ఠ ఫీజు రూ.45,000గా, గరిష్ఠం రూ.1.60 లక్షలుగా ఖరారయ్యాయి. ఖర్చు ఎక్కువ చూపినవారికి ఫీజు ఎక్కువ వచ్చే పద్ధతి కావడంతో, జీతాల పద్దు, అద్దెల పద్దు ఎంత నిజమన్నదే కమిటీ ముందు నలిగే ప్రశ్న. హైదరాబాదు శివార్లలోని పెద్ద కళాశాలలు ఈ లెక్కలో పైకి పోతే, కరీంనగర్, మంచిర్యాల వైపు కళాశాలలు చాలావరకు కనిష్ఠానికి దగ్గరగానే మిగిలాయి.

పన్ను చట్టం మరో వైపు నుంచి బిగిసింది. ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు నుంచి వెళ్లిన న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో 2022 అక్టోబరు 19న సుప్రీంకోర్టు, విద్య పేరున ఆదాయపు పన్ను మినహాయింపు కోరే సంస్థ ఆశయాలన్నీ విద్యకే సంబంధించి ఉండాలనీ, ప్రధాన ఆశయం విద్య అయితే చాలన్న పాత వాదన చెల్లదనీ స్పష్టం చేసింది. బైలాల్లో సమాజసేవ నుంచి వ్యాపార శిక్షణ దాకా అన్నీ రాసుకున్న సొసైటీలు తమ పత్రాలను తిరగరాసుకోవలసి వచ్చింది.

అనుమతుల వరుస, తనిఖీ

ఒక ఇంజనీరింగు కళాశాలకు మూడు చోట్ల నుంచి అంగీకారం కావాలి: 1987 చట్టం కింద పనిచేసే అఖిల భారత సాంకేతిక విద్యా మండలి ఆమోదం, విశ్వవిద్యాలయం ఇచ్చే అనుబంధ గుర్తింపు, అంటే వాడుకలో అఫిలియేషన్, ఆపైన రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు. ఫార్మసీకి ఫార్మసీ కౌన్సిలు, బీఎడ్‌కు 1993 చట్టం ప్రకారం ఏర్పడిన జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, వైద్యానికి 2020 సెప్టెంబరు నుంచి జాతీయ వైద్య కమిషను అదనం. కేంద్ర మండలి ఇచ్చిన సీట్లకు విశ్వవిద్యాలయం కోత పెట్టవచ్చునా అన్న ప్రశ్న మీద వ్యాజ్యాలు ఎన్నోసార్లు నడిచాయి. కౌన్సెలింగు తేదీ దగ్గరపడే దాకా గుర్తింపు తేలకపోవడం, తేలకపోతే హైకోర్టు నుంచి మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకోవడం, ఆ ఉత్తర్వుతో జాబితాలో చేరడం ఈ రంగంలో దాదాపు ఒక ఆనవాయితీ.

తనిఖీ ఎలా ఉంటుందో కొంత వివరంగా చూడవచ్చు. జేఎన్టీయూ నిజనిర్ధారణ బృందం వచ్చిన రోజున మొదట అడిగేది అధ్యాపకుల పట్టిక: ఎవరి పీహెచ్‌డీ, ఎవరి ఎంటెక్, నియామకాన్ని విశ్వవిద్యాలయం ఆమోదించినట్టు చూపే రాటిఫికేషన్ కాగితం, జీతం బ్యాంకు ద్వారా పోయినట్టు రుజువు, పన్ను కోతకు ఫారం 16. ఆ తర్వాత ప్రయోగశాలల్లో పరికరాల స్టాకు రిజిస్టరు, కొన్న బిల్లులు, గ్రంథాలయంలో పుస్తకాల నమోదు పుస్తకం, భూమి దస్తావేజు, భవన ప్లాను. బృందం రాకకు ముందు రోజు వేరే కళాశాల నుంచి కంప్యూటర్లు దిగడం, ఒకే అధ్యాపకుడు రెండు మూడు కళాశాలల పట్టికల్లో ఉండడం వంటి ఫిర్యాదులు పెరిగినకొద్దీ విశ్వవిద్యాలయం పాన్, ఆధార్ సంఖ్యలతో పేర్లను సరిచూడడం, వేలిముద్రల హాజరు పెట్టడం మొదలుపెట్టింది. ఒకరికి ఇరవైమంది విద్యార్థులు అన్న అఖిల భారత నిష్పత్తిని కాగితం మీద చేరుకోవడం సులభమే. నెలకు తగిన జీతమిచ్చి పీహెచ్‌డీ ఉన్నవారిని తిమ్మాపూర్‌లోనో, మంచిర్యాలలోనో నిలబెట్టుకోవడం కష్టం, ఎందుకంటే అటువంటివారికి హైదరాబాదు పిలుపు ఎప్పుడూ ఉంటుంది.

ఈ తనిఖీల చరిత్రలో పెద్ద కుదుపు 2014 ఆగస్టుది. కొత్త రాష్ట్రం ఏర్పడిన రెండు నెలలకు జేఎన్టీయూ లోపాలున్నాయంటూ 174 ఇంజనీరింగు కళాశాలలకు గుర్తింపు నిరాకరించి వెబ్ కౌన్సెలింగు జాబితాలో వాటిని చేర్చలేదు. వ్యాజ్యం హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. లోపాలు నిజమా కాదా అన్నది ఒక వాదన కాగా, వాటిని సరిదిద్దుకోవడానికి గడువు ఇవ్వకుండా ప్రవేశాల ముంగిట తలుపు వేయడం న్యాయమా అన్నది మరో వాదన. రెండింటిలోనూ బలముంది. 2016లో ఫీజు చెల్లింపులకు ముందు పోలీసు, విజిలెన్సు సిబ్బంది చేత తనిఖీలు చేయించాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు యాజమాన్యాలు ఒక్కటై నిరసన తెలిపాయి. విద్యా ప్రమాణాలను కొలవవలసింది విద్యావేత్తలు గాని పోలీసులు కాదన్న వారి మాటలో సబబు ఉన్నా, విద్యావేత్తల తనిఖీ అంతకుముందు అన్నేళ్లు ఏం పట్టుకున్నదన్న ప్రశ్నకు వారి దగ్గర జవాబు లేకపోయింది.

ఫీజు రీయింబర్స్‌మెంటు: చెల్లించేవాడే తనిఖీదారు

ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనం పాతదే. 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం బీసీలకు, ఆర్థికంగా వెనుకబడిన ఇతరులకు (ఈబీసీలకు) కూడా పూర్తి ఫీజును ప్రభుత్వమే కట్టే పద్ధతిని విస్తరించింది. పేద కుటుంబాల పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఇంజనీరింగులో పెద్దసంఖ్యలో చేరడానికి ఈ పథకం దోవ తీసిందన్నది కాదనలేని విషయం. ఆ వెనువెంటనే కళాశాలలూ పెరిగి, ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కళాశాలల సంఖ్య ఏడు వందలు దాటింది. విద్యార్థి దొరికితే చాలు, ఫీజు సర్కారు ఇస్తుందన్న ధీమా మీద లేచినవి వాటిలో అనేకం.

2012–13 నుంచి ఎంట్రన్సులో పదివేల లోపు ర్యాంకు వచ్చినవారికీ, ఎస్సీ, ఎస్టీలకూ పూర్తి ఫీజు, మిగిలిన బీసీ, ఈబీసీ విద్యార్థులకు రూ.35,000 వరకు మాత్రమే అన్న పరిమితి వచ్చింది. 2014 జులైలో తెలంగాణ ప్రభుత్వం ఫాస్ట్ అనే కొత్త పథకాన్ని ప్రకటించి, 1956 నవంబరు 1కి ముందు నుంచి కుటుంబం తెలంగాణలో ఉన్నట్టు చూపాలన్న షరతు పెట్టింది. ఆ షరతు మీద కోర్టులో వ్యాజ్యం నడుస్తుండగా 2015లో పథకమే వెనక్కి పోయింది. ఆ సందిగ్ధంలో ఒక సంవత్సరపు చెల్లింపులు వెనకబడ్డాయి.

సొమ్ము నడిచే దారి ఇలా ఉంటుంది. విద్యార్థి ఏటా ఈ-పాస్ వెబ్‌సైటులో దరఖాస్తు చేయాలి. తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువీకరణ పత్రం, కులం సర్టిఫికెట్టు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, పాత మార్కుల మెమోలు జతచేసి, మీసేవలో వేలిముద్ర వేసి, ప్రింటు తీసి కళాశాలలో ఇవ్వాలి. కళాశాల 75 శాతం హాజరు ఉన్నట్టు ధ్రువీకరించి పైకి పంపితే, జిల్లా సంక్షేమాధికారి మంజూరు చేస్తారు. విద్యార్థి ఖర్చులకిచ్చే ఎంటీఎఫ్ అతని ఖాతాలోకీ, ఫీజుకిచ్చే ఆర్టీఎఫ్ కళాశాల ఖాతాలోకీ వెళ్లాలి. మంజూరైన బిల్లు ట్రెజరీకి చేరగానే ఒక టోకెన్ నంబరు పడుతుంది. టోకెన్ పడిందంటే ప్రభుత్వ లెక్కలో పని అయిపోయినట్టే, కళాశాల లెక్కలో మాత్రం చేతికి పైసా రానట్టే. ఏళ్ల తరబడి పోగుబడిన బకాయిల్లో ఇటువంటి టోకెన్లది పెద్ద వాటా. జీతాలకు, అద్దెకు, బస్సుల డీజిలుకు టోకెన్ చూపితే కుదరదు గనుక యాజమాన్యాలు వడ్డీకి తెచ్చి నడుపుతాయి, లేదా అధ్యాపకుల జీతాలు ఆపుతాయి, లేదా విద్యార్థినే కట్టమంటాయి.

ఈ మూడో మార్గమే విద్యార్థి మెడకు చుట్టుకొంటుంది. కోర్సు ముగిశాక టీసీ, మెమోలు, చేరినప్పుడు తీసుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలంటే ప్రభుత్వం కట్టని ఫీజు కట్టి తీసుకుపొమ్మని కళాశాల అంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లను అట్టిపెట్టుకోరాదని విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం 2018 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వును అమలు చేయించవలసిన అధికారికి ఎదురయ్యే జవాబు ఒక్కటే: మా బాకీ కట్టండి, మీ సర్టిఫికెట్లు ఇస్తాం. బాకీ ప్రభుత్వానిది, కాగితం విద్యార్థిది. ఉద్యోగంలో చేరే తేదీ ముంచుకొచ్చిన కుటుంబం అప్పు చేసి కడుతుంది.

2021లో కేంద్రం ఎస్సీ ఉపకారవేతన పథకాన్ని 60:40 వాటాకు మార్చి, తన 60 శాతాన్ని నేరుగా విద్యార్థి ఖాతాలో వేయాలని నిర్ణయించింది. మధ్యలో కళాశాల చేయి లేకపోతే బోగస్ పేర్లకు తావుండదన్నది దీని వెనుక ఆలోచన. యాజమాన్యాల కోణంలో ఇది కొత్త భయం, ఎందుకంటే వచ్చిన సొమ్మును విద్యార్థి ఇంట్లో మరో అవసరానికి వాడుకుంటే వసూలు చేసుకొనే పని వారి మీద పడుతుంది.

డిగ్రీ కళాశాలలు, దోస్త్

2016లో వచ్చిన దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశ విధానం డిగ్రీ కళాశాలల బలాబలాలను బయటపెట్టింది. అంతవరకు ఊరూరా తిరిగి పిల్లల సర్టిఫికెట్లు ముందే తెచ్చుకొని సీట్లు నింపుకొన్న కళాశాలలకు, విద్యార్థి తానే వరుసగా ఎంపికలు ఇచ్చే పద్ధతిలో ఆ పట్టు సడలింది. ఒక్కరూ చేరని కళాశాలలు, కొద్దిమందితో కోర్సులు ఎత్తివేయవలసిన కళాశాలలు తేలాయి. అయితే ఈ విధానంలో ఎంపికలు పెట్టేది ఇంటర్నెట్ కేంద్రంలో విద్యార్థి పక్కన కూర్చున్న కళాశాల మనిషి అయిన సందర్భాలు గ్రామాల్లో తక్కువేమీ కాదు. మైనారిటీ, ఇతర కళాశాలలు కొన్ని హైకోర్టు ఉత్తర్వులతో దోస్త్‌కు వెలుపల ప్రవేశాలు చేసుకోవడం మరో చిల్లు.

డిగ్రీ ఫీజు ఇంజనీరింగు ఫీజులో చిన్న భాగమే గనుక, శాతవాహన, కాకతీయ పరిధిలోని చిన్న కళాశాలకు రీయింబర్స్‌మెంటు తప్ప వేరే ఆదాయం దాదాపు ఉండదు. బకాయిలు పేరుకుపోయినప్పుడు ఈ కళాశాలల చేతిలో ఉన్న ఆయుధాలు బందు, పరీక్షల బహిష్కరణ. 2024 అక్టోబరులో ప్రైవేటు డిగ్రీ కళాశాలలు బందు పాటించాయి.

ఇంటర్మీడియట్: నియంత్రణకు అందని భాగం

కరీంనగర్‌లో ప్రైవేటు విద్యా వ్యాపారం అసలు రూపం జూనియర్ కళాశాలల్లో కనిపిస్తుంది. మంకమ్మతోట, వావిలాలపల్లి వంటి పేటల్లో కళాశాలలు, హాస్టళ్లు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి; జగిత్యాల, సిరిసిల్ల, మంచిర్యాల పల్లెల నుంచి పిల్లలు ఇక్కడికే వస్తారు. ఫీజుల నియంత్రణ కమిటీ పరిధి వృత్తివిద్యకే గనుక ఇంటర్మీడియట్ ఫీజుకు ఆచరణలో పగ్గం లేదు. ఇంటర్మీడియట్ బోర్డు చేతిలో ఉన్నది ఏటా ఇచ్చే గుర్తింపు. దానికి లీజు పత్రం, మంజూరైన ప్లాను, భవన దృఢత్వ పత్రం, పారిశుధ్య పత్రం, ఆటస్థలం, అన్నిటికన్నా చిక్కుతెచ్చిన అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ, అంటే నిరభ్యంతర పత్రం, కావాలి.

ఆ చిక్కు భవనాలలోనే ఉంది. కింద బట్టల దుకాణమో, బ్యాంకో, పైన మూడంతస్తుల్లో తరగతి గదులు, ఎక్కడానికీ దిగడానికీ ఒకే మెట్లదారి: ఇటువంటి మిశ్రమ వినియోగ భవనానికి అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. 2020 ఫిబ్రవరిలో ఎన్‌వోసీ లేని కళాశాలల విషయం హైకోర్టుకు వచ్చినప్పుడు బోర్డు 68 కళాశాలలకు మూసివేత నోటీసులిచ్చింది. అప్పటికి వార్షిక పరీక్షలు ముంగిట్లో ఉన్నాయి. ఆ తర్వాత ఎత్తు పరిమితిని 6 మీటర్ల నుంచి 15 మీటర్లకు పెంచి చాలా భవనాలను నిబంధన నుంచి తప్పించారు. మిశ్రమ భవనాలకు ఏడాదికొకసారి మినహాయింపులు వచ్చాయి. ఏటా ఈ ఒక్కసారికే అంటూ పొడిగించిన మినహాయింపు వల్ల కళాశాలలు భవనాలు మార్చుకోలేదు, గుర్తింపు మాత్రం విద్యా సంవత్సరం సగం గడిచాక అందింది. ఈలోగా పిల్లలు గుర్తింపు లేని కళాశాలలోనే చదివారు.

పదో తరగతి పరీక్షలు కాకముందే కళాశాలల పీఆర్వోలు, అంటే ప్రచార సిబ్బంది, ఇళ్లకు వచ్చి సీటు ఖాయం చేయించడం, మార్కుల హోర్డింగులు పెట్టడం బోర్డు ఏటా నిషేధించే పనులు, ఏటా జరిగేవి కూడా. ఇంటర్ ఫీజుకు జీఎస్టీ లేదు గాని, కోచింగు మీద 18 శాతం ఉంటుంది. రెండూ ఒకే గదిలో, ఒకే ఉపన్యాసకుడితో జరిగే చోట రసీదులో ఎంత దేనికి చూపారన్నది పన్ను శాఖకు కొత్త తలనొప్పి. 2024 జనవరిలో కేంద్రం విడుదల చేసిన కోచింగు కేంద్రాల మార్గదర్శకాలు పదహారేళ్ల లోపువారిని చేర్చుకోరాదన్నాయి. కళాశాల ముసుగులోని కోచింగును అవి ముట్టుకోలేదు.

వైద్య విద్య

తెలంగాణ ప్రైవేటు వైద్య కళాశాలల్లో ఎంబీబీఎస్ సీట్లు సగం ఎ కేటగిరీ అనే కన్వీనరు కోటాకు, 35 శాతం బి కేటగిరీకి, 15 శాతం ఎన్నారై కోటాగా వాడుకలో ఉన్న సి కేటగిరీకి పోతాయి. ఎ కేటగిరీ ఫీజు ఏడాదికి రూ.60,000 కాగా బి కేటగిరీది దానికి పద్దెనిమిది రెట్లకు పైనే. ఇంత తేడా ఉన్నచోట కోటా మారే ప్రతి సీటూ డబ్బే. 2022లో వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం పీజీ సీట్ల బ్లాకింగు మీద పోలీసులకు ఫిర్యాదు చేసింది: మంచి ర్యాంకు వచ్చిన ఇతర రాష్ట్రాల అభ్యర్థుల పేరున సీటు పట్టించి, చివరి విడత కౌన్సెలింగు అయ్యాక వారిచేత వదిలించి, ఆ ఖాళీని ఎక్కువ సొమ్ముకు నింపుకోవడం ఈ పద్ధతి. అదే ఏడాది జాతీయ వైద్య కమిషను లోపాల కారణంగా రాష్ట్రంలోని మూడు ప్రైవేటు కళాశాలల ప్రవేశాలను రద్దు చేయడంతో, చేరిన విద్యార్థులు నెలల తరబడి ఎటూ కాకుండా ఉండి ఆ తర్వాత ఇతర కళాశాలల్లో సర్దుబాటయ్యారు.

ప్రభుత్వ పోటీ ఈ రంగంలో పర్యవేక్షణ కన్నా ఎక్కువ పని చేసే అవకాశముంది. ఆదిలాబాదు రిమ్స్ 2008 నుంచి ఉన్నది. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాదులలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటికీ బోధన సిబ్బంది కొరతే అడ్డంకి.

ఆదిలాబాదు వైపు పరిస్థితి

గోదావరికి ఉత్తరాన లెక్క మారుతుంది. మంచిర్యాల, బెల్లంపల్లి బొగ్గుగనుల పట్టణాలను, నిర్మల్‌ను వదిలితే ప్రైవేటు కళాశాలకు ఫీజు కట్టగల కుటుంబాలు పలుచన. ఉట్నూరు, ఆసిఫాబాదు వైపు గోండు, కొలాం విద్యార్థులకు ఆశ్రమ పాఠశాల తర్వాత గురుకుల కళాశాలో, ప్రభుత్వ కళాశాలో దిక్కు. 2008లో బాసరలో వచ్చిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పదో తరగతి తర్వాత ఆరేళ్ల చదువును ప్రభుత్వ రంగంలోనే అందించడం ఈ పాత జిల్లాకు దక్కిన మినహాయింపు. ఇక్కడ ఒక చిన్న ప్రైవేటు కళాశాల మూతపడితే తర్వాతి కళాశాల నలభై, యాభై కిలోమీటర్ల దూరంలో ఉండవచ్చు గనుక, లోపాలున్న కళాశాలను మూయించడమే పర్యవేక్షణ అనుకుంటే నష్టపోయేది విద్యార్థే. కరీంనగర్‌కు సరిపోయే కొలత ఆదిలాబాదుకు సరిపోదన్న ఈ సంగతిని అఫిలియేషన్ నిబంధనలు పట్టించుకోవు.

ఇతర దేశాలతో పోలిక, వలస విద్యార్థులు

అమెరికాలో లాభార్జన కళాశాలలు చట్టబద్ధం. వాటి ఆదాయంలో 90 శాతానికి మించి ప్రభుత్వ విద్యార్థి సహాయం నుంచి రాకూడదని, కనీసం పదోవంతు ఇతర మార్గాల నుంచి రావాలని అక్కడి నిబంధన. సొంత జేబు నుంచి కట్టడానికి ఎవరూ సిద్ధపడని చదువుకు ఖజానా సొమ్ము పోరాదన్నది దాని తర్కం. సహాయం నిలిపివేత, కేసుల ఒత్తిడిలో 2015లో కొరింథియన్, 2016లో ఐటీటీ టెక్ అనే పెద్ద గొలుసు కళాశాలలు మూతపడ్డాయి. 90 శాతం పరిమితిని శాతవాహన పరిధిలోని డిగ్రీ కళాశాలలకు పెడితే ఎన్ని నిలుస్తాయన్నది ఆలోచించదగినది.

ఉత్తర తెలంగాణ నుంచి ఎమ్మెస్ చదువుకు వెళ్లేవారికి ఆ దేశపు పర్యవేక్షణ మరో రూపంలో తగిలింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ వీసాల మోసం కేసులో మూతపడినప్పుడు అందులోని విద్యార్థుల్లో అధికులు తెలుగువారు. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు తొడిగారు. 2019 జనవరిలో బయటపడిన మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ అయితే అధికారులే వల పన్ని నడిపిన నకిలీ సంస్థ. అరెస్టయిన వందమందికి పైగా విద్యార్థుల్లో తెలుగువారే ఎక్కువ. ఇక్కడి కళాశాలకు గుర్తింపు ఉందా అని తల్లిదండ్రులు అడగడం అరుదు, ప్రభుత్వం ఫీజు ఇస్తున్నదంటే ఉన్నట్టే గదా అన్న నమ్మకం ఉంటుంది. వీసా వచ్చిందంటే విశ్వవిద్యాలయం నిజమైనదేనన్న నమ్మకం కూడా అటువంటిదే.

ఇటీవలి పరిణామాలు

2025–28 గడువుకు ఇంజనీరింగు ఫీజులు బాగా పెరిగే సూచనలు కనిపించినప్పుడు ప్రభుత్వం 2025–26కు పాత ఫీజులే కొనసాగుతాయని ఉత్తర్వు ఇచ్చింది. కొన్ని కళాశాలలు హైకోర్టుకు వెళ్లాయి. 2025 నవంబరు 3 నుంచి ఉన్నత విద్యాసంస్థల యాజమాన్యాల సమాఖ్య పిలుపు మేరకు రీయింబర్స్‌మెంటు బకాయిల మీద వృత్తివిద్యా, డిగ్రీ కళాశాలలు మూతపడి, కొంత మొత్తం విడుదలకు ప్రభుత్వం ఒప్పుకొన్నాక ఆ వారంలోనే తెరుచుకున్నాయి. బకాయి తాము కట్టి సర్టిఫికెట్లు తీసుకుపోయిన పాత విద్యార్థుల విషయంలో, విడుదలయ్యే ఆర్టీఎఫ్ చేరేది కళాశాల ఖాతాకే గనుక, కట్టినది వెనక్కి తెచ్చుకోవడానికి వారు రసీదు పట్టుకొని అదే కార్యాలయం చుట్టూ తిరగవలసి ఉంటుంది.